డీఓ చదివే అమ్మాయి కామ్‌లెక్స్‌తో పాటు యూఎస్ఎమ్ఎల్ఈ కూడా రాయాలా?

శ్రీధర్, ఎడిసన్

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఆస్టియోపతిక్ మెడికల్ స్కూల్లో, అంటే డీఓ అనే డాక్టరు పట్టా ఇచ్చే కాలేజీలో, రెండో ఏడు చదువుతోంది. వచ్చే జూన్‌లో డీఓల లైసెన్స్ పరీక్ష కామ్‌లెక్స్‌లో మొదటి భాగం, లెవెల్ 1 రాయాలి. మొన్నటిదాకా ఇంట్లో ఏ గొడవా లేదు. పోయిన నెల ఒక బర్త్‌డే పార్టీకి వెళ్తే, ఇద్దరు పిల్లల్ని ఎండీ (అమెరికాలో మామూలు డాక్టరు పట్టా) చదివించిన ఒకాయన "కామ్‌లెక్స్ ఒక్కటే రాస్తే ఫ్యామిలీ మెడిసిన్ తప్ప ఇంకేం రాదండీ, స్టెప్ 1 కూడా రాయించండి" అన్నారు. స్టెప్ 1 అంటే ఎండీ వాళ్ళ లైసెన్స్ పరీక్ష యూఎస్ఎమ్ఎల్ఈలో మొదటి భాగం. పక్కనున్న ఆవిడ "డీఓ లైసెన్స్ అన్ని స్టేట్స్‌లో చెల్లదట కదా" అని ఇంకో పుల్ల వేశారు. ఇంటికొచ్చి అమ్మాయిని అడిగితే, "నాన్నా, నువ్వు నీ ప్రొడక్షన్ టికెట్లు చూసుకో, నా పరీక్షలు నాకొదిలెయ్" అని ఫోన్ పెట్టేసింది.

నేను ఐటీ వాణ్ణి, ఈ పరీక్షల లోతు నాకు తెలియదు. ఎవరిని అడిగినా ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్తున్నారు. దీని మీద అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా కాస్త వివరంగా చెప్తారా? లైసెన్స్‌కి ఏది కావాలి, రెసిడెన్సీకి (చదువయ్యాక ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణకి) ఏది కావాలి, రెండూ రాయకపోతే నిజంగా నష్టమా?

కాకినాడ డీఓ

శ్రీధర్ గారూ, నేను డీఓనే. కాకినాడలో బీఫార్మసీ చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి, చంటిపిల్లాణ్ణి మా అత్తగారికి అప్పజెప్పి మెడికల్ స్కూల్లో చేరాను. ఇప్పుడు మిషిగన్‌లో ఫ్యామిలీ మెడిసిన్ చేస్తున్నాను. "ఫ్యామిలీ మెడిసిన్ తప్ప ఇంకేం రాదు" అన్న పెద్దమనిషికి నా తరఫున ఒక నమస్కారం పెట్టండి. నేను ఏరికోరి తీసుకున్నది అదే.

లైసెన్స్ సంగతి ముందు తేల్చేద్దాం, అందులో అనుమానానికి తావు లేదు. కామ్‌లెక్స్ యాభై రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. మందులు రాయడం, ఆపరేషన్లు చేయడం, మిలిటరీలో డాక్టరుగా చేరడం, అన్నిటికీ డీఓకి ఎండీతో సమానంగా హక్కు ఉంది. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, పెన్సిల్వేనియా, మా మిషిగన్ లాంటి కొన్నిచోట్ల డీఓలకు లైసెన్సింగ్ బోర్డు విడిగా ఉంటుంది. మిగతా చాలా రాష్ట్రాల్లో ఎండీలూ డీఓలూ ఒకే బోర్డు కింద ఉంటారు. తేడా అంతవరకే.

ఆవిడ విన్నది ఎప్పటిదో పాత కథ అయ్యుంటుంది. 1962లో కాలిఫోర్నియాలో ప్రజల చేత ఓటు వేయించి కొత్త డీఓ లైసెన్సులు ఆపేశారు. అప్పటికే ప్రాక్టీసులో ఉన్న డీఓలు 65 డాలర్లు కడితే చాలు, ఎండీ పట్టా చేతిలో పెట్టారు. నా ఎడ్యుకేషన్ లోన్ స్టేట్‌మెంట్ వచ్చినప్పుడల్లా నాకు ఆ 65 డాలర్లే గుర్తొస్తాయి. 1974లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు డీఓలకు మళ్ళీ లైసెన్సులు ఇవ్వాల్సిందేనంది. యాభై ఏళ్ళు దాటినా పార్టీల్లో ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇక కామ్‌లెక్స్ రాయాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. లెవెల్ 1, లెవెల్ 2 రెండూ పాసైతే గాని మీ అమ్మాయికి డీఓ పట్టా ఇవ్వరు. లెవెల్ 3 రెసిడెన్సీలో చేరాక రాస్తుంది. యూఎస్ఎమ్ఎల్ఈ ఒక్కటే రాసి డీఓ అయిపోవడం కుదరదు. కాబట్టి మీరు అడగాల్సింది "కామ్‌లెక్స్ మీద అదనంగా యూఎస్ఎమ్ఎల్ఈ ఎందుకు" అని. దానికి లైసెన్స్‌తో సంబంధం లేదు. అదంతా రెసిడెన్సీ గోల.

ఒకప్పుడు డీఓలకు రెసిడెన్సీలు విడిగా ఉండేవి, ఆ సీట్లు కేటాయించే మ్యాచ్ కూడా విడిగా జరిగేది. 2015 నుంచి 2020 దాకా ఐదేళ్ళు పట్టి అన్నిటినీ ఒకే అక్రెడిటేషన్ కిందకి తెచ్చారు. 2020 నుంచి అందరికీ ఒకటే మ్యాచ్. మంచిదే. కానీ ఎండీ ప్రోగ్రాముల డైరెక్టర్లు ఏళ్ళ తరబడి స్టెప్ స్కోర్లు చూడటానికి అలవాటు పడినవాళ్ళు. కామ్‌లెక్స్‌లో 560 అని కనిపిస్తే అది మంచిదో కాదో వాళ్ళకి చప్పున తట్టదు. వెయ్యి అప్లికేషన్లు ముందు పెట్టుకున్న మనిషి తట్టని అంకె గురించి ఆలోచిస్తూ కూర్చోడు, ఫిల్టర్ నొక్కేస్తాడు. డీఓ పిల్లలు రెండు పరీక్షలూ రాయడం మొదలుపెట్టింది ఈ ఫిల్టర్ భయంతోనే.

అయితే మీ పార్టీ పెద్దమనిషి చెప్పింది పాత లెక్క. స్టెప్ 1 2022 జనవరిలో పాస్/ఫెయిల్ అయిపోయింది. అదే ఏడాది మే నెలలో లెవెల్ 1 కూడా అంతే. ఒకప్పుడు డీఓ స్టూడెంట్ స్టెప్ 1లో 245 తెచ్చుకుంటే అది చూపించుకోవడానికి పనికొచ్చేది. ఇప్పుడు ఎంత బాగా రాసినా "పాస్" అని ఒక్క ముక్కే కనిపిస్తుంది. పోయిందనుకోండి, "ఫెయిల్" అన్న ముక్క కూడా జీవితాంతం ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది. వందల డాలర్ల ఫీజు, లెవెల్ 1కి చదవాల్సిన వారాల్లోంచి కొన్ని వారాలు, పైన ఈ రిస్కు. ఇవన్నీ పెట్టి ఒక "పాస్" కొనుక్కోవాలా అన్నది ఆలోచించండి.

అంకె వచ్చే పరీక్షలు ఇప్పుడు కామ్‌లెక్స్‌లో లెవెల్ 2, యూఎస్ఎమ్ఎల్ఈలో రెండో భాగమైన స్టెప్ 2 సీకే. స్టెప్ 1 రాయకుండా నేరుగా స్టెప్ 2 సీకే రాయొచ్చు, ఆ రెండిటికీ వరుస నియమం లేదు. మా క్లినిక్‌కి రొటేషన్‌కి (ఒక్కో విభాగంలో వంతులవారీగా చేసే శిక్షణకి) వచ్చే డీఓ పిల్లలు చాలామంది ఈ దారే పడుతున్నారు. ఇప్పుడు లెవెల్ 1 మీద మనసు పెడతారు, మూడో ఏడు రొటేషన్లలో ఏ స్పెషాలిటీ నచ్చిందో చూసుకుంటారు, అవసరమైతే లెవెల్ 2తో పాటే స్టెప్ 2 సీకే రాసేస్తారు. ఫ్యామిలీ మెడిసిన్, సైకియాట్రీ, పీడియాట్రిక్స్, ఫిజికల్ మెడిసిన్ వైపు వెళ్ళేవాళ్ళకి చాలా ప్రోగ్రాముల్లో కామ్‌లెక్స్ ఒక్కటీ సరిపోతుంది. ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీ, న్యూరోసర్జరీ అంటే సంగతి వేరు, అక్కడ స్టెప్ 1 కూడా కావాలని వెబ్‌సైట్‌లోనే రాసే ప్రోగ్రాములున్నాయి. మీ అమ్మాయి మనసులో ఏముందో అడిగారా?

శ్రీధర్, ఎడిసన్

డాక్టరమ్మా, చాలా థాంక్స్. అడిగితే "ఇంకా తెలీదు" అంటుంది. ఒక్కోసారి పీడియాట్రిక్స్ అంటుంది. ఒకసారి అనెస్థీషియా అంది.

ఎముకల పిచ్చి (థర్డ్ ఇయర్)

అంకుల్, నేను డీఓ మూడో ఏడు. ఆర్థో కావాలని మొదటి ఏడే ఫిక్స్ అయ్యాను, అందుకే లెవెల్ 1, స్టెప్ 1 రెండూ రాశాను. అక్క చెప్పినదాంతో నేను పూర్తిగా ఒప్పుకోను. స్టెప్ 1కి చదివితే బేసిక్స్ గట్టిపడతాయి, ఆ బలం తరవాత స్టెప్ 2కి పనికొస్తుంది. సిలబస్ చాలావరకు ఒకటే. యూవరల్డ్ అనే ప్రశ్నల బ్యాంకు రెండిటికీ పనికొస్తుంది. నేను ముందు స్టెప్ 1 రాసి, తరవాత వారం ఓఎంఎం (డీఓలు నేర్చుకునే చేతి వైద్యం) మాత్రమే చదివి లెవెల్ 1కి కూర్చున్నా.

ప్రశ్నల తీరు మాత్రం వేరు. స్టెప్‌లో ప్రశ్న పొడుగ్గా ఉంటుంది, ల్యాబ్ రిపోర్టులన్నీ ఇస్తారు, చివరికి ఒకటే జవాబు తేలుతుంది. కామ్‌లెక్స్‌లో రెండు మూడు లైన్లు ఇచ్చి "నెక్స్ట్ ఏం చేస్తావ్" అంటారు. రెండు ఆప్షన్లు కరెక్టే అనిపిస్తాయి. బయటికి వచ్చాక ఎలా రాశామో తెలీదు. నాకు స్టెప్ రోజు కన్నా ఆ రోజే టెన్షన్ ఎక్కువైంది. కామ్‌లెక్స్ కోసం విడిగా ట్రూలెర్న్ ప్రశ్నలు కూడా చేయమనండి.

కాకినాడ డీఓ

ఆర్థో అని ముందే తెలిసినవాడివి నువ్వు రాయడం కరెక్టే తమ్ముడూ. "ఇంకా తెలీదు" అనే పిల్ల గురించి నేను చెప్పింది. లెవెల్ 1కే కష్టపడుతున్న పిల్లని బేసిక్స్ గట్టిపడతాయని ఇంకో పెద్ద పరీక్షలోకి తోయను. ముందుముందు అనెస్థీషియానే ఖాయమైతే స్టెప్ 2 సీకే రాయమంటాను. అదీ తను ఆ రొటేషన్ చేసి వచ్చాక.

ప్రశ్నల తీరు గురించి నువ్వన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. మా రోజుల్లోనూ అంతే.

సుజాత, గుంటూరు

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. మా అక్క కొడుకు ఇక్కడ ఎంబీబీఎస్ అయిపోయి అమెరికా అంటున్నాడు. కామ్‌లెక్స్ అయితే పోటీ తక్కువ అని ఎవరో చెప్పారట. వాడు రాయొచ్చా అండీ?

కాకినాడ డీఓ

రాయలేడు సుజాత గారూ. అమెరికాలో గుర్తింపు ఉన్న ఆస్టియోపతిక్ కాలేజీల్లో చదివేవాళ్ళకీ, చదివినవాళ్ళకీ మాత్రమే కామ్‌లెక్స్. ఎంబీబీఎస్ వాళ్ళకి విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హత చూసే ఈసీఎఫ్ఎమ్‌జీ సంస్థ ద్వారా యూఎస్ఎమ్ఎల్ఈ ఒక్కటే దారి. ఎవరైనా "కామ్‌లెక్స్ రాయిస్తాం" అని డబ్బులు అడిగితే ఇవ్వొద్దని చెప్పండి.

శ్రీధర్, ఎడిసన్

ఇంకో రెండు డౌట్లు. ఓఎంఎం అంటే ఆ ఎముకలు నొక్కే పద్ధతే కదా? దానికి కూడా పరీక్షలో మార్కులా? రెండోది, కాలేజీవాళ్ళు ఏదో మాక్ టెస్టులో ఇంత స్కోర్ రాకపోతే అసలు పరీక్షకి అనుమతించం అంటున్నారట. అమ్మాయి ఒకసారి తక్కువ తెచ్చుకుంది, అప్పట్నుంచీ సరిగ్గా మాట్లాడటం లేదు. పైగా మా బావమరిది "ఫిలడెల్ఫియా వెళ్ళి పేషెంట్ల ముందు కూడా పరీక్ష ఇవ్వాలి" అని భయపెట్టాడు.

కాకినాడ డీఓ

మీ బావమరిది గారి భయం ముందు తీర్చేస్తాను. అది లెవెల్ 2 పీఈ. ఫిలడెల్ఫియా పక్కన కాన్షొహాకెన్ అనే ఊళ్ళో ఒక సెంటర్, చికాగోలో ఇంకొకటి, దేశం మొత్తానికీ ఆ రెండే. నేను కాన్షొహాకెన్ వెళ్ళాను. పేషెంట్లుగా నటించేవాళ్ళు పన్నెండు మంది, ఒక్కొక్కరికి పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాల్లోనే మాట్లాడాలి, పరీక్ష చేయాలి, కావలసినచోట మానిప్యులేషన్ కూడా చేసి చూపించాలి. బయటికొచ్చి తొమ్మిది నిమిషాల్లో కంప్యూటర్‌లో నోట్స్ టైప్ చేయాలి. తొమ్మిది నిమిషాలు అవగానే స్క్రీన్ ఆగిపోతుంది, మీ వాక్యం పూర్తయిందా లేదా దానికి అక్కర్లేదు. ఫీజు వెయ్యి డాలర్లకు పైనే, విమానం, హోటల్ ఖర్చులు మళ్ళీ విడిగా. కోవిడ్‌లో దాన్ని ఆపారు, 2022లో పూర్తిగా ఎత్తేశారు. దానికి జోడీగా ఎండీలకి ఉన్న స్టెప్ 2 సీఎస్ అంతకుముందే, 2021లో పోయింది. ఆ పరీక్ష పోయినందుకు నేను ఒక్క కన్నీటి చుక్క కూడా కార్చలేదు. మీ అమ్మాయి క్లినికల్ స్కిల్స్ కాలేజీలోనే చూస్తారు.

ఓఎంఎం అంటే నొక్కడమే అనుకుంటే మీ అమ్మాయికి కోపం వస్తుంది. 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి. 1892లో మిస్సోరీలోని కర్క్స్‌విల్‌లో మొదటి స్కూలు పెట్టాడాయన. ఇప్పుడు డీఓలు మిగతా మెడిసిన్ అంతా ఎండీల లాగే చదివి, దాని మీద ఇది అదనంగా నేర్చుకుంటారు. కామ్‌లెక్స్‌లో దీన్ని వదిలేసి గట్టెక్కడం కష్టం. యూవరల్డ్ స్టెప్ ప్రశ్నల్లో ఇది ఉండదు, అందుకే చాలామంది చివరి వారానికి తోసేస్తారు.

ఎలా ఉంటుందో చెప్తాను. సేక్రమ్ అని వెన్నుపూస అడుగున ముక్కోణంలో ఒక ఎముక ఉంటుంది. అది ఎటు తిరిగి పట్టేసిందో చెప్పాలి. పేషెంట్‌ని కూర్చోబెట్టి, వెనక నడుం కింద రెండు ఎముక గుబ్బల మీద బొటనవేళ్ళు పెట్టి, ముందుకు వంగమంటాం. ఏ వేలు ఎక్కువ పైకి పోతే ఆ వైపు పాజిటివ్. కుడి పాజిటివ్ అయితే యాక్సిస్ (సేక్రమ్ తిరిగే ఇరుసు) ఎడమ, అంటే ఎప్పుడూ దానికి ఎదురువైపు. దాని పైనున్న ఐదో నడుం పూస, ఎల్5, యాక్సిస్ ఉన్న వైపుకే ఒరుగుతుంది. తిరగడం మాత్రం సేక్రమ్‌కి ఎదురుగా తిరుగుతుంది. పరీక్షలో వేళ్ళూ ఉండవు, పేషెంటూ ఉండడు. "కూర్చుని వంగితే కుడి పాజిటివ్, ఎల్5 న్యూట్రల్‌గా ఎడమకి ఒరిగి కుడికి తిరిగి ఉంది, సేక్రమ్ సంగతేమిటి" అని ఒక వాక్యం ఇస్తారు. ఎడమ యాక్సిస్ మీద ఎడమకి తిరిగిందని నిమిషంలోపు చెప్పాలి. నాకు ఇచ్చిన రఫ్ షీటు నిండా బాణం గుర్తులే. ఇలాంటివి బట్టీ పడితే ఆ హడావుడిలో కుడి ఎడమలు తారుమారైపోతాయి. ఒక మనిషిని నిజంగా ముందు కూర్చోబెట్టుకుని చేసి చూడాలి. మీ ఇంటికొచ్చినప్పుడు మీ నడుం ఇవ్వండి అమ్మాయికి, ఏ కోచింగ్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

ఇవి కాక చాప్‌మన్ పాయింట్లని ఉంటాయి, ఏ అవయవానికి ఒంటి మీద ఎక్కడ చిన్న గడ్డలా తగులుతుందో గుర్తుపెట్టుకోవాలి. అపెండిక్స్‌కి కుడివైపు పన్నెండో పక్కటెముక కొస, ఇది తరచూ అడుగుతారు. వెన్నులో ఏ అవయవం ఏ పూసలకి చెందుతుందో ఇంకో పట్టిక, గుండె టీ1 నుంచి టీ5 (టీ అంటే ఛాతీ వెనకున్న పూసలు), కడుపు టీ5 నుంచి టీ9, ఇలా. నిజం చెప్పాలంటే నా క్లినిక్‌లో చాప్‌మన్ పాయింట్ వెతికి అపెండిసైటిస్ పట్టుకున్నది లేదు, దానికి స్కాన్ ఉంది. కానీ పరీక్షలో మార్కులు స్కాన్‌కి రావు. నడుం నొప్పితో వచ్చే గర్భిణులకి మాత్రం ఈ చేతి వైద్యం నేను వారం వారం చేస్తాను, వాళ్ళకి మాత్రలు రాయాలంటే పదిసార్లు ఆలోచించాలి కదా.

మాక్ టెస్ట్ సంగతి. దాని పేరు కామ్‌సే, కామ్‌లెక్స్ పెట్టే ఎన్‌బీఓఎమ్ఈనే అదీ తయారు చేస్తుంది. కటాఫ్ మాత్రం కాలేజీల ఇష్టం, ఒక్కో కాలేజీ ఒక్కో అంకె పెట్టుకుంటుంది. పాస్ రేటు పడిపోతే కాలేజీకి చెడ్డపేరు, అందుకే అంత పట్టు పడతారు. పిల్లలకి అది అవమానంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఇందులో పిల్లకీ లాభం ఉంది. కామ్‌సేలో తక్కువొస్తే అది కాలేజీ గోడ దాటదు, రెసిడెన్సీ వాళ్ళకి కనపడదు. లెవెల్ 1 పోతే కనపడుతుంది. పైగా 2022 జులై నుంచి ఒక్కో లెవెల్‌కి మొత్తం నాలుగు అవకాశాలే. తయారవకుండా వెళ్ళి ఒకటి పారేసుకోవడం కన్నా డేటు రెండు మూడు వారాలు వెనక్కి జరుపుకోవడం మేలు. రొటేషన్లు మొదలయ్యే తేదీ లోపల పడేలా చూసుకోమనండి, దాని గురించి కాలేజీ డీన్ ఆఫీస్‌లో తనే మాట్లాడాలి. మీరు ఫోన్ చేయకండి. ఇక్కడ పేరెంట్స్ ఫోన్ చేస్తే పని అవ్వకపోగా అమ్మాయికి తలవంపులు.

ఎముకల పిచ్చి (థర్డ్ ఇయర్)

సేక్రమ్ గురించి అక్క చెప్పినంత క్లియర్‌గా మా ల్యాబ్‌లో కూడా చెప్పలేదు. అంకుల్, కామ్‌సేలో నాకూ మొదటిసారి తక్కువే వచ్చింది, మా బ్యాచ్‌లో చాలామందికి వచ్చింది. తనతో చెప్పండి.

శ్రీధర్, ఎడిసన్

ఇద్దరికీ థాంక్స్. రాత్రి ఫోన్‌లో స్టెప్ 1 ఊసెత్తలేదు. నడుం ఇస్తానంటే మాత్రం నవ్వింది, శనివారం వస్తానంది. ఆఖరిగా ఒకటి అడుగుతాను డాక్టరమ్మా, మీరన్నట్టు లెవెల్ 1, లెవెల్ 2 కామ్‌లెక్స్‌వి, దానికి తోడు స్టెప్ 2 ఒక్కటీ రాస్తే, తరవాత మూడో పరీక్ష ఏది రాయాలి? మధ్యలో ఇరుక్కుపోదు కదా?

కాకినాడ డీఓ

ఇరుక్కోదు. లెవెల్ 3 రాస్తుంది, లైసెన్స్ దాంతోనే వస్తుంది. స్టెప్ 3 రాయాలంటే స్టెప్ 1, స్టెప్ 2 సీకే రెండూ పాసై ఉండాలి, కాబట్టి అటు వెళ్ళే పనే లేదు. స్టెప్ 2 సీకే స్కోరు రెసిడెన్సీ అప్లికేషన్ దాకానే, ఆ తరవాత దాన్ని ఎవరూ అడగరు. లెవెల్ 3కి డీఓ పట్టా చేతికొచ్చాక, రెసిడెన్సీ ప్రోగ్రామ్ డైరెక్టర్ సరేనన్నాకే కూర్చోనిస్తారు, చాలామంది మొదటి ఏడే రాసేస్తారు. లెవెల్ 1కీ 2కీ పాస్ మార్కు 400, దీనికి 350. మల్టిపుల్ చాయిస్‌తో పాటు కేసులు కూడా ఉంటాయి, రాత్రి డ్యూటీలు చేస్తూ చదవాలి కాబట్టి విసుగే గానీ లెవెల్ 1 అంత భయం ఉండదు.

మ్యాచ్ గురించి కూడా దిగులు పెట్టుకోకండి. 2024లో డీఓ ఆఖరి ఏడు పిల్లల్లో 92 శాతం పైన మ్యాచ్ అయ్యారు, ఎండీ పిల్లలకన్నా ఒక శాతం చిల్లర తక్కువ. ఒక్క జాగ్రత్త: అప్లికేషన్‌లో కామ్‌లెక్స్ ట్రాన్‌స్క్రిప్ట్ వేరు, యూఎస్ఎమ్ఎల్ఈ ట్రాన్‌స్క్రిప్ట్ వేరు. దేనికది విడిగా రిలీజ్ చేసి, ఏ ప్రోగ్రామ్‌కి ఏది వెళ్ళాలో టిక్ పెట్టాలి. సెప్టెంబర్ హడావుడిలో ఒకటి పంపి ఇంకోటి వదిలేసినవాళ్ళున్నారు. నాలుగో ఏడు ఆగస్టులో మీ అమ్మాయికి ఈ ఒక్క మాట గుర్తుచేయండి, దానికి మాత్రం కోప్పడదు.